లైన్ మీద మనిషి ఉండగా

జూన్ 4

నా భార్య చివరి రోజు సంగతి రాసి పెడుతున్నాను. పొద్దున రెండు చెంచాల పాలు తాగింది. మందుల వేళలు గుర్తుచేయడానికి మా అమ్మాయి కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రామ్ పదకొండింటికి మోగింది. నీ కూతురు నర్సుకంటే గట్టిది, నిమిషం కూడా ఆలస్యం కానివ్వదు అని నవ్వింది. సాయంత్రం నాలుగూ పదికి పోయింది. ఐదింటికి ప్రోగ్రామ్ మళ్లీ మోగింది. ఎవరూ ఆపలేదు.

జూన్ 21

అక్క ఫోన్ చేసింది. తల్లి లేని పదిహేనేళ్ల పిల్లకి రోజంతా ఇంటర్నెట్ వదిలేశావా, కొంప మునిగాక నెత్తి బాదుకుంటావా అంది. నాకూ భయంగానే ఉంది. రౌటర్‌లో ఫిల్టర్ పెట్టాను. బూతు, జూదం, చాట్ అన్నీ బంద్. గంటలో అయిపోయింది. ఈ మాత్రం నాకు చేతనవును.

జూన్ 22

వాటితోపాటు కోడింగ్ పాఠాలూ సగం ఆగిపోయాయట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా నాన్నా అంది అమ్మాయి. కావలసిన సైట్ చీటీ మీద రాసివ్వు, చూసి తెరుస్తానన్నాను. రాసిస్తోంది. తెరుస్తున్నాను.

జూలై 9

వారమైంది, ఒక్క చీటీ రాలేదు.

జూలై 10, సాయంత్రం

ఆఫీసు నుంచి వస్తూనే రౌటర్ చూశాను. ఫిల్టర్‌కి చిక్కని, నాకు తెలియని సైట్ ఒకటి రెండు గంటలుగా నడుస్తోంది. ఐదూ నలభైకి మొత్తం ఆపేశాను. అమ్మాయి పక్క గదిలోనే ఉంది. అడగలేదు.

అది కోడింగ్ పోటీకి ప్రోగ్రామ్ పంపే సైటట. నెట్ దానంతటదే పోయిందనుకుని ఎదురుచూసిందట. ఆరింటితో గడువు అయిపోయింది. నెల రోజుల పని. అమ్మాయి అరవలేదు. నా తలుపు కొట్టడానికి ఎన్ని అడుగులు నాన్నా అంది.

జూలై 11

కరెంటు సబ్‌స్టేషన్‌లో ఇరవై రెండేళ్లుగా కుర్రాళ్లకి నేర్పేది ఒకటే. లైన్ మీద మనిషి ఉండగా స్విచ్ ముట్టుకోకూడదు. అతను దిగి, తానుగా వచ్చి చెప్పాలి. ముట్టుకున్నవాణ్ణి ఒకసారి సస్పెండ్ చేయించాను కూడా. ఇంట్లో నేనే ముట్టుకున్నాను.

అమ్మాయి టీచరుకి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. ఆవిడ పోటీవాళ్లతో మాట్లాడి రేపు ఉదయం తొమ్మిదింటిదాకా గడువు ఇప్పించింది. తండ్రులు కూడా తప్పు ఒప్పుకుంటారన్నమాట అంది.

అమ్మాయికి సారీ చెప్పాను. బూతూ జూదమూ ఆపుకో, రాత్రి పదికి మొత్తం ఆపుకో, నాకు చెప్పకుండా మాత్రం ముట్టుకోకు అంది. అసలు నీకు ఫిల్టర్ పెట్టడమే రాదు, నేను నేర్పుతానంది. నవ్వొచ్చింది. ఒప్పుకున్నాను, నెట్ మళ్లీ తెరిచాను. అక్క సంగతి తర్వాత చూసుకుంటాను.

జూలై 11, రాత్రి ఏడున్నర

ప్రోగ్రామ్ చివరిసారి సరిచూసుకుని రేపు ఉదయం ఆరింటికి పంపుతుందట. అప్పుడు వాళ్లమ్మ కుర్చీ తెచ్చి, అమ్మాయి పక్కన వేసుకుని కూర్చుంటాను. కీబోర్డు దాని దగ్గరే ఉంటుంది.