వంతెన మోస్తూ మాట్లాడినవాడు

నారిన్,
గురువారం

బురుల్‌కు నీ తోలోముష్ రాస్తున్నది. ఇక్కడ మనుషులం బాగున్నాం, గొర్రెలు బాగున్నాయి, మచ్చల ఆవు ఈనింది, దూడ లేచి నిలబడింది. మీ అత్తమ్మ మోకాళ్ళను మాత్రం ఈ బాగున్నవాటిలో కలపలేదు, కలిపానని తెలిస్తే నన్ను బతకనివ్వదు. అక్కడ నువ్వూ, నీ గదిలో ఉన్న ఆడవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగుసార్లు చదివాను. ఒకసారి అమ్మకు, ఒకసారి నాజిక్‌కు, రెండుసార్లు నాకు. పోస్టాఫీసు ఫోన్లో నీతో మాట్లాడటం కంటే ఇదే నయం. అక్కడ నీ వెనక పదిమంది వరసలో నిలబడి ఉంటారు, ఇక్కడ నా వెనక అమ్మ నిలబడి “గట్టిగా మాట్లాడరా, మాస్కో దూరం కదా” అని వీపు మీద పొడుస్తూ ఉంటుంది. నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. ఒకదాన్ని మాత్రం చివరికి దాచుకున్నాను, తిట్టుకోకు.

కప్పు కారటం లేదు. మొన్న మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది, లోపల ఒక్క చుక్క పడలేదు. నాజిక్‌కు ముందు పళ్ళు రెండూ ఊడాయి. రోజూ అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూసుకుంటోంది. “అమ్మ వచ్చేసరికి కొత్తవి వచ్చేస్తాయా నాన్నా? వచ్చేస్తే నేను బోసినోటితో ఎలా ఉన్నానో అమ్మకు తెలియదుగా” అంది. ఫోటో తీయిద్దామన్నాను. ఫోటో ఇందులో పెడుతున్నాను, మడత పడకుండా చూడమని సైరా వదినకు చెప్పాను. ఆవిడ శనివారం మాస్కో రైలెక్కుతోంది, ఉత్తరం నీ చేతికే ఇస్తుంది. కిందటిసారిలా తనే విప్పి చదివి నీకు కథ చెప్పదని ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అందుకే కవరు రెండుచోట్ల అంటిస్తాను.

ఇక సినిమా సంగతి. నువ్వు మీ గదిలోవాళ్ళతో కలిసి తోకచుక్క వీరుడి సినిమా చూశానని రాశావు. “వంతెన విరుగుతుంటే భుజం కింద పెట్టి మోస్తూ, రైలు కిటికీలో ఉన్న ఆ పిల్లతో అంతసేపు ప్రేమ మాటలు ఏమిటయ్యా? హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. అంత బరువు మోసేవాడికి అంత ఊపిరి ఎక్కడిది? మనూరికి వచ్చిందా? వస్తే ఆ ఘట్టం నువ్వెలా చెప్పావు? గొర్రెల క్షేమం అడిగించావా?” అని రాశావు. చదువుతుంటే నీ నవ్వు వినపడింది.

వచ్చింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆట. నీ ఉత్తరం అందటానికి రెండు రోజుల ముందు.

సినిమా మంచిదే, బురుల్. ఆ మాట ముందు ఒప్పుకోవాలి. నది పొంగే ఘట్టంలో నాకే అరచేతులు చెమర్చాయి, మైకు జారింది. కానీ ఈ జాతి సినిమాలన్నిటికీ ఒకటే జబ్బు. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాం, సరిగ్గా అప్పుడే ఎవరికో ఒకరికి ప్రేమ గుర్తొస్తుంది. కత్తి ఎత్తిన దుర్మార్గుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకుని, వీళ్ళ ముచ్చట అయ్యేదాకా మర్యాదగా ఆగుతాడు. తలుపులన్నీ మూసిన గదిలో కూడా వీరుడి వీపు మీద దుప్పటి రెపరెపలాడుతుంది. ఊరు తగలబడుతుంటే ఆగి ఒక జోకు వేస్తాడు. చూస్తున్న మనకు సిగ్గేస్తుంది, వాళ్ళకు వేయదు. అయినా మళ్ళీ ఆదివారం అందరం వెళ్ళి కూర్చుంటాం.

మన హాల్లో ఆ సిగ్గంతా మోసేది నేను కదా. రష్యన్ రాని పెద్దవాళ్ళ కోసం వెనక బల్ల దగ్గర మైకు పట్టుకుని, తెర మీద ఎంతమంది ఉంటే అంతమంది మాటలూ నేనొక్కడినే మన భాషలో చెప్పబట్టి పద్నాలుగేళ్ళయింది. మొదట్లో ఆడవాళ్ళకు సన్నగొంతు పెట్టబోతే పక్కన కూర్చున్న నువ్వు పొద్దుతిరుగుడు గింజలు నమిలేది ఆపి నా డొక్కలో పొడిచావు. “మేక అరిచినట్టుంది, మామూలుగా చెప్పు” అన్నావు. అప్పటినుంచి అందరిదీ ఒకటే గొంతు. ఇద్దరు వీరులు కలుసుకున్నప్పుడు ముందు “మందా మనుషులూ క్షేమమా?” అని అడిగించటం నీ సలహానే. లేకపోతే ముందు వరస తాతలు “పెంపకం లేని మనుషులు, పలకరింపే లేదు” అని సినిమా మొత్తం గొణిగేవాళ్ళు. ముద్దు వచ్చిందంటే “ఇక్కడ వీళ్ళు కాసేపు ఇంటి సంగతులు మాట్లాడుకుంటున్నారు” అని చెప్పి మైకు దించేస్తాను. తాతలు టోపీలు సర్దుకుంటారు, అవ్వలు పైకప్పు వాసాలు లెక్కపెడతారు, ముద్దు అయిపోతుంది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఈ పద్ధతి తప్పలేదు. ఆదివారం తప్పాను.

ఇప్పుడు చివరికి దాచుకున్న సంగతి చెప్పాలి. చెప్పేముందు లేచి వెళ్ళి ఆవుకు గడ్డి వేసి వచ్చాను. టీ పెట్టుకున్నాను. ఇంక వేరే పనేదీ దొరకలేదు.

ఆ ఘట్టం వచ్చింది. వంతెన విరిగింది, రైలు ఆగింది, వాడు భుజం పెట్టాడు. కిటికీలో ఆ పిల్ల. ముసుగు తీశాడు, వాన మొదలైంది, వయొలిన్లు మొదలయ్యాయి. హాల్లో అప్పుడే ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూడా నవ్వుకుంటూనే “ఇక్కడ వీళ్ళు కాసేపు ఇంటి సంగతులు” దాకా అన్నాను. ఆ పిల్ల కిటికీ అద్దానికి చెయ్యి ఆనించింది. అంతే, దించాల్సిన మైకు దించలేదు.

నువ్వు బిష్కెక్ స్టేషన్లో అలాగే చెయ్యి ఆనించావు. ఆ రోజు రైలు బయల్దేరాల్సిన వేళకు బయల్దేరలేదు, గుర్తుందా? పదకొండు నిమిషాలు ఊరికే నిలబడింది. గడియారం నా ఎదురుగానే ఉంది, చూస్తూనే ఉన్నాను. పదకొండు నిమిషాల్లో నేను నీతో ఏమన్నాను? “బూర్సోక్ రొట్టెల సంచి కింద పెట్టకు, ఎవరైనా తొక్కుతారు” అన్నాను. “దుప్పటి అడిగి తీసుకో” అన్నాను. మళ్ళీ బూర్సోక్ సంచి గురించే అన్నాను. వాడికి భుజం మీద వంతెన ఉంది, దాని మీద రైలుంది, అయినా చెప్పదలచుకున్నది చెప్పాడు. నా భుజం మీద ఏముంది?

వాడి పెదాలు కదులుతున్నాయి. రష్యన్‌లో ఏదో అంటున్నాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఏమన్నానో మాట మాటకూ గుర్తుంది కాబట్టి రాస్తున్నాను.

“సంచి గురించి కాదు నేను చెప్పాలనుకున్నది. దిగిపో అని చెప్పాలనుకున్నాను. పొయ్యి నిండా పిడకలు వేసినా నువ్వు లేని ఇల్లు వెచ్చబడటం లేదు. నీ వైపు దిండు నేను ముట్టుకోవటం లేదు, అమ్మ దులపబోతే కసిరాను. పులుసులో ఉప్పెక్కువని రోజూ గోల చేసేవాడిని, ఇప్పుడు ఎంత వేసుకున్నా రుచి తెలియటం లేదు. గింజలు నమిలే చప్పుడు లేకపోతే నాకు మాటలు తోచటం లేదు. ఇంకా ఉండనా అని నువ్వు అడిగితే నీ ఇష్టం అన్నాను. అబద్ధం. నా ఇష్టం వేరు.”

తోకచుక్క వీరుడి ఇంట్లో పిడకలెక్కడివని ఎవరూ అడగలేదు. టోపీలు సర్దుకున్నవాళ్ళు లేరు.

తర్వాత తెర మీద ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది. ఏదో చెబుతోంది, చాలాసేపు చెబుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. నేను మైకు నోటి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. వాడి మాటలంటే నావి వేశాను, ఆమె మాటలు ఎక్కడినుంచి తేను?

ముందు వరసలోంచి ఎసెన్ తాత వెనక్కి తిరిగాడు. “ఏమందిరా ఆ పిల్ల? చెప్పవేం?” అన్నాడు.

“చెప్పరా, వస్తానందా లేదా?” అని ఇంకెవరో.

అప్పుడు మూడో వరసలో అమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని, ముందు కుర్చీ ఆసరాతో. తెరకు అడ్డంగా నిలబడింది, ఆమె తల నీడ సరిగ్గా వంతెన మీద పడింది.

“ఆ పిల్ల ఏమందో వీడికెలా తెలుస్తుందయ్యా? వీడు అడిగితే కదా!” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “ఒరేయ్ మొద్దూ, ఆ మాట మైకులో కాదురా చెప్పేది. ఉత్తరంలో రాయి. కూర్చుని రాయి. నేను కోడలికి రాయమంటే గొర్రెల సంగతీ దూడ సంగతీ రాసి పంపుతావు, ఇదా నువ్వు దాచుకున్నది?”

హాలంతా నవ్వింది. మాస్కోలో మీరు నవ్విన చోటే, కానీ ఆ నవ్వు వేరు. నేను మైకు ఆపేసి బయటికి వెళ్ళిపోయాను. మిగిలిన సినిమా వాళ్ళు మాటలు లేకుండానే చూశారు. వీరుడు గెలిచాడట.

నాలుగు రోజులుగా వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. రొట్టె కొనటానికి వెళితే “రాశావా?” అంటున్నారు. ఎసెన్ తాత నిన్న గుర్రం ఆపి మరీ అడిగాడు. రేపు రాస్తానంటూ తప్పించుకు తిరుగుతున్నాను. మంగళవారం నీ ఉత్తరం రాకపోయి ఉంటే ఇంకా తిరుగుతూనే ఉండేవాడిని.

ఇప్పుడు నువ్వు చిట్టచివర రాసిన ప్రశ్న. “కుట్టుమిషన్ల యజమాని ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నాడు. నెలాఖరులోగా చెప్పాలి. ఫోన్లో అడిగితే నీ ఇష్టం అన్నావు. నాకు నా ఇష్టం తెలుసు, నీది చెప్పు” అని రాశావు. నీ ఇష్టం ఏమిటో రాయలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అక్కడ నీకు స్నేహితులున్నారు, పని బాగుందంటావు, పట్నం నీకు నచ్చిందేమో. నేను రమ్మన్నాక నువ్వు రానంటే ఎలా అని భయపడి అడక్కుండానే ఉన్నాను. అడగనివాడికి కాదన్న మాట వినే బాధ ఉండదు కదా, అంత పిరికివాడిని. వంతెన మోసేవాడిని చూసి నవ్వటం తేలిక, బురుల్. వాడు సిగ్గుపడకుండా అడిగాడు.

అందుకని అడుగుతున్నాను. సంతకం పెట్టకు. వచ్చెయ్. నువ్వు లేక నాకు బాగాలేదు. ఉండాలని నీకు నిజంగా ఉంటే ఉండు, అలగను, కానీ ఈసారి నా ఇష్టం తెలుసుకుని ఉండు.

ఇంకొక్కటి. వెళ్ళిన కొత్తలో నువ్వు రాసిన మొదటి ఉత్తరంలో టీ ఫ్లాస్కు మూత రైల్లో ఎక్కడో పోయిందనీ, దారంతా టీ చల్లారిపోయిందనీ, ఇప్పటికీ దాన్ని గుడ్డతో మూసుకుంటున్నాననీ రాశావు. ఎవరో దొంగిలించారేమోనని నేను జవాబు రాశాను. ఎవరూ దొంగిలించలేదు. రైలు కదిలేటప్పుడు అది నా చేతిలోనే ఉండిపోయింది. పరుగెత్తి ఇచ్చి ఉండొచ్చు, ఇవ్వలేదు. జేబులో వేసుకున్నాను. రెండేళ్ళనుంచి కోటు మార్చినప్పుడల్లా దాన్నీ మారుస్తున్నాను. ఇప్పుడు ఈ కాగితం ఎగిరిపోకుండా మీద పెట్టింది దాన్నే.

సైరా వదిన మూట కట్టుకుంటూ “ఇంకేమైనా పంపాలా?” అని అడిగింది. మూత పంపుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. పంపటం లేదు. ఫ్లాస్కు నువ్వే తీసుకురా.

ఇట్లు,
పదకొండు నిమిషాలు వృథా చేసిన నీ భర్త,
తోలోముష్