యాదమ్మ పేరు చదివించాను

యాదీ,

నువ్వు పోయి రెండేళ్లు. నిన్న కేతేపల్లికి భాగోతులొచ్చి, చిన్నప్పుడు మనిద్దరం ఏడ్చుకుంటూ చూసిన ఆటే ఆడారు. ప్రియురాలి శవం పక్కన రాజకుమారుడు పొడుచుకుని చస్తాడే, అదే. అప్పుడు ప్రేమంటే అదేననుకున్నాను. నువ్వు పోయిననాడు బావి దాకా పోయాను కూడా. నిన్న మాత్రం ఒళ్లు మండింది. ఆమెను చంపించినవాడు ఎదురుగా ఉంటే, మూర్ఖుడు కత్తి తన గుండెలోనే దించుకున్నాడు.

వెట్టికి రానన్నందుకు నిన్ను గడీలో కొట్టించి చంపిన దొర ముందు వరసలోనే కూర్చున్నాడు. వెట్టి వద్దని లేచిన సంఘానికి భయపడి పట్నం పారిపోయినవాడు, దాన్ని అణచడానికి వచ్చిన మిలిటరీ వెనకే ఖద్దరు టోపీతో తిరిగొచ్చాడు.

కానుకిస్తే ఆట ఆపి పేరు చదువుతారు కదా. నేను నేసిన చీర ఇచ్చాను.

"ఎవరి పేరు సదవాలె బిడ్డా?" అన్నాడు ముసలి వేషగాడు.

"యాదమ్మ. దొర గడీల దెబ్బలకు సచ్చిన యాదమ్మ. జర గట్టిగ సదువు తాతా."

మూడుసార్లు చదివాడు. జనమంతా దొర దిక్కే చూశారు. వాడు లేచిపోయాడు.

వచ్చే నెల హుజూర్‌నగర్‌లో వాడి కొడుకు పెండ్లికి ఈ మేళమే ఆడుతుందట. పొద్దున మగ్గం మీద ఇంకో చీర మొదలుపెట్టాను.