చల్లటి ఇంటికి రావద్దు

గార్డెన్ రీచ్, కలకత్తా
మే 1988

చిరంజీవి సౌభాగ్యవతి దాలమ్మకి,

మీ అయ్య దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వు, అల్లుడు, మీ అత్త కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అల్లుడి చేత చదివించొద్దు. మెల్లగా అయినా నువ్వే చదువు.

నువ్వు మూడు అడిగావు. ఇల్లు చల్లగా ఉందా, గురువులు మావ ఎలా ఉన్నాడు, నిన్ను పురిటికి తీసుకురావడానికి ఎప్పుడొస్తాను అని.

ఇల్లు చల్లగానే ఉంది. రేకుల కింద తెల్ల అట్టలు కొట్టాక మిట్టమధ్యాహ్నం కూడా నెత్తి మాడడం లేదు. బస్తీలో అందరి ఫ్యాన్లూ తిరుగుతుంటే మీ అమ్మ మనది ఆపేస్తుంది. కరెంటు బిల్లు సగానికి దిగింది. చలికాలంలో గంగ గాలి లోపలికి రాలేదు, కుంపటి పెట్టే పనే పడలేదు. మీ అమ్మ వచ్చినవాళ్ళందరికీ పైకి చూపించి, "మా ముసిలోడు నోరిప్పడు గానీ సేతులు పనికొత్తాయి" అంటుంది. ఉయ్యాల కూడా సిద్ధం చేసింది. దూలానికి కొక్కెం దిగాలని అట్టకి కన్నం పెట్టించింది. ఆ కన్నంలోంచి రోజూ తెల్లగా రాలుతుంది, బియ్యప్పిండి జల్లించినట్టు. తుడిచేస్తుంది. మళ్ళీ రాలుతుంది.

గురువులు మావ సంగతి. మావ పోయాడమ్మా. నువ్వు వట్టి మనిషివి కాదు, రాయొద్దని మీ అమ్మ అంది. రాయక తప్పలేదు.

ఆఖర్న ఆస్పత్రిలో నేనే కూచున్నాను. ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని లేచేవాడు. కుర్ర డాక్టరు మావ ఛాతీ ఫోటో వెలుగులో పట్టి చూసి, "దాదా, మీరిద్దరూ ఏం పని చేసేవారు?" అన్నాడు. ఓడల్లో ఆవిరి గొట్టాల చుట్టూ, ఇంజను గది గోడలకీ వేడి ఆగే అట్టలు కట్టేవాళ్ళం, పాతవి పీకేవాళ్ళం అన్నాను. అతను కుర్చీ లాక్కుని నా దగ్గర కూచున్నాడు. అది ఆస్బెస్టాస్ అంట. దాని నూగు ఊపిరితిత్తుల్లోకి దిగితే బయటికి రాదంట. ఏళ్ళ తరబడి ఊరుకుని, అప్పుడు మనిషిని పట్టుకుంటుందంట. "అది ఇంటికేమైనా తీసుకెళ్ళారా?" అని అడిగాడు.

లేదన్నాను.

మన ఇంటికి కొట్టినవి ఆ అట్టలే తల్లీ. ఓడలోంచి పీకి పారేస్తుంటే నేనూ మావా నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాం. అబద్ధం ఎందుకాడానో నాకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. ఇంటికొచ్చి పైకి చూశాను. కింద మీ అమ్మ నీ బిడ్డకి బొంత కుడుతోంది. బొంత మీద తెల్లగా పడి ఉంది.

మర్నాడు ఒక అట్ట అంచు లేపాను. గదంతా ఆ నూగు పొగ దిగినట్టు దిగింది. కిటికీ ఎండలో సన్నగా మెరుస్తూ తిరిగింది, ఎంతకీ నేల మీద వాలలేదు. మీ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటి, దించేత్తావా? పిల్ల వచ్చే ఏళకి ఇల్లు పొయ్యి సేత్తావా? మతి పోనాదేటి నీకు?" అంది.

"పురుగు పట్టిందేమోనని" అన్నాను.

"పురుగు నీ బుర్రకి పట్టింది" అంది.

మళ్ళీ మేకు కొట్టేశాను. నాకు కొంచెం దగ్గు ఉంది. బీడీ దగ్గు అంటుంది మీ అమ్మ. నేనూ అదే అంటున్నాను.

అందుకని తల్లీ, పురిటికి ఇక్కడికి రావద్దు. తొలి కాన్పుకి పుట్టింటికి రావద్దని ఏ అయ్యా రాయడు, నాకు తెలుసు. మీ అత్త ఏమన్నా పడు. అక్కడే కను. మీ అమ్మకి మాత్రం, మా అత్త పంపనంటోంది అని రాయి. నీ ఉత్తరం చదివి వినిపించేది నేనే కదా. మీ అత్తని నాలుగు తిట్టి ఊరుకుంటుంది.

ఇక్కడిదాకా రాసేసరికి కరెంటు పోయింది. ఇది యూనియన్ ఆఫీసు బల్ల మీద రాస్తున్నాను, మన సందు కనిపిస్తుంది. పక్కింటి బెంగాలావిడ చంటివాణ్ణి చంకనేసుకుని, పెద్దదాన్ని చేత్తో పట్టుకుని, చాపతో వెళ్తోంది.

"ఎక్కడికి బౌమా, ఈ ఎండలో?" అన్నాను.

"మీ ఇంటికే. మా ఫ్యాన్ ఆగిపోయింది. పిల్లల్ని తెచ్చి పడుకోబెట్టమంది మాసీ. నిన్నా మొన్నా కూడా అక్కడే నిద్రపోయారు" అని నవ్వింది.

నిన్నా మొన్నా నేను బయటే తిరిగాను. మీ అమ్మ వాళ్ళని పిలుస్తోందని నాకు తెలీదు.

పైన మీ అత్త పంపనంటోందని రాయమన్న ముక్కల మీద గీత కొట్టాను. అలా రాయొద్దు. మీ అమ్మకి నేనే చెప్తాను. ఇన్నేళ్ళలో ఆమెకి ఎదురు చెప్పి ఎరగను. ఏ మాటతో మొదలెట్టాలో తెలీడం లేదు. పిల్లలు కళ్ళు మూసేలోగా వెళ్ళాలి. నువ్వు రావద్దు.

ఇట్లు,
మీ అయ్య
గవరయ్య