పడవెక్కిన ఫట్‌ఫటీ

బొంబాయి

యోహానన్నకు నీ తమ్ముడు సామేలు చేతులు జోడించి రాసేది. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు, పెద్దమ్మ అందరూ అక్కడ క్షేమమని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? తగ్గకపోతే మిషన్ దవాఖానాకు తీసుకుపో, ఊరికే కషాయాలతో కాలం గడపకు.

నా గురించి బెంగపడకు. చిన్న దొర కొలువు మానేశాను. నిజాం రాజ్యానికి దారులు మూసేసి టపా బందైనందువల్ల నీకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు మన తెలంగాణ నుంచి వచ్చిన కామాటీలతో కలిసి మేడలు కట్టే పనిలో సున్నం కలుపుతున్నాను. వానాకాలమంతా బట్టలు ఆరలేదు. అన్నం దొరుకుతుంది కానీ ముద్ద దిగదు. జొన్న రొట్టె, పచ్చి పులుసు తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఆదివారం గుడికి వెళ్తే అర్థంకాని భాషలో పాడతారు, నేను మెదక్ గుడి గంట తలుచుకుంటూ కూర్చుంటాను. అయినా బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. మిలట్రీ వచ్చి రజాకార్ల పీడ వదిలిందని చదివి ఎంత సంతోషపడ్డానో, ఆ కింది మాటలు చదివి అంత మండిపోయాను. ఎర్రజెండా సంఘానికి భయపడి బొంబాయి పారిపోయి వచ్చిన చిన్న దొర ఊరికి తిరిగొస్తున్నాడట. ఊరి పొలిమేర నుంచి గడి దాకా తన బండి ముందు ఉరకడానికి నిన్ను రమ్మన్నాడట. “నువ్వు దొర కాడ ఉన్నోనివి, పోవాల్నా వద్దా చెప్పు” అని అడిగావు. చెబుతాను. ముందు ఆ బండి సంగతి విను. వాడు వీడు అంటున్నానని కంగారుపడకు. ఇక్కడి నుంచి గడికి వినబడదు.

ఎండాకాలం మొదట్లో వాడికి ఫట్‌ఫటీ, అదే మోటారు సైకిలు, మీద మోజు పుట్టింది. నన్ను వెంటబెట్టుకుని ఇక్కడి దుకాణానికి పోయాడు. బండి ఎలా చూస్తారు? ఇంజను చూస్తారు, చక్రాలు చూస్తారు. వీడు అద్దంలో మీసాలు చూసుకున్నాడు. ఒక్కో బండినీ స్టార్టు చేయించి చెవి పెట్టి విన్నాడు.

“గీ సప్పుడు సాలదు. గడి కాడ షురూ చేస్తే మెదక్ల వినవడాలె. ఇండ్లల్ల కూసున్నోళ్ళు లేచి నిలవడాలె.”

చివరికి అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే మొత్తుకునేది ఎంచుకున్నాడు. ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు. “దొరా, కాళ్ళు అందుతలేవు” అన్నాను. “పట్టుకోనీకె నువ్వున్నవ్ గదరా” అన్నాడు. దుకాణంవాడు పాపం ఓపిగ్గా చేతి బ్రేకు, కాలి బ్రేకు చూపిస్తుంటే వీడు విసుక్కున్నాడు. “ఆపుడు సంగతి నాకెందుకు? ఆపమంటే ఆపేటోళ్ళు మస్తుమంది ఉన్నరు.” దుకాణంవాడు నా మొహం చూశాడు. నేను పైకప్పు చూశాను.

ఇక పడవ సంగతి. ఇక్కడ ఒక సేటుకు షోకు పడవ ఉంది. యాట్ అంటారు. తెల్లటి తెరచాప, లోపల పట్టు పరుపులు, నిలువుటద్దం. దాని మీద దక్షిణాన ఒక రేవులో ఉన్న సేటు బంగళాకు పోవాలని, రేవులో దిగగానే ఫట్‌ఫటీ మీద ఊరేగాలని వీడి కోరిక. పడవ నడిపే పెద్దమనిషిని తండేలు అంటారు. పోటు వచ్చి పడవ గట్టుకు సమానంగా లేచాక పలకలు వేసి బండి ఎక్కిద్దాం, సాయంత్రం దాకా ఆగమన్నాడు. వీడు ఆగుతాడా? “దొర వచ్చిండని సముద్రానికి చెప్పుండ్రి!” అన్నాడు. నిజంగానే అన్నాడన్నా, నవ్వకుండా అన్నాడు. సముద్రం వినలేదు. గట్టు మీద గొడుగు కింద కూర్చుని సముద్రాన్నే తిట్టాడు.

పోటు వచ్చాక పెట్రోలు తీసేసి, పలకల మీదుగా ఆరుగురం దాన్ని ఎక్కించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని కొబ్బరినూనె పూసి, రజాయి చుట్టి, తెరచాప కొయ్యకు మోకులతో కట్టాం. తండేలు ఆ బరువు చూసి పెదవి విరిచాడు. గట్టు కనుమరుగు కాకముందే మన దొరవారికి వాంతులు మొదలయ్యాయి. గడిలో మీసం మెలేసి మనల్ని చెప్పులు చేతపట్టుకుని నడిపించిన ఆ మహానుభావుడు ఫట్‌ఫటీ చక్రాన్ని కౌగలించుకుని “అమ్మా, సస్తున్నా” అని ఏడ్చాడు. రజాయి మాత్రం బండికే ఉంచమన్నాడు. తడిసేవాళ్ళం మేమున్నాం కదా.

రేవులో దింపి పెట్రోలు పోశాం. మొహం కడుక్కోగానే వీడి దొరతనం తిరిగొచ్చింది. బండెక్కాడు. తండేలు మనుషులు చెరోవైపు పట్టుకున్నారు. నేను పక్కన నిలబడితే గద్దించాడు.

“గాడ నిలవడితే ఏం లాభం రా? ముందట ఉరుకు!”

అన్నా, ఏం చెప్పను! పరాయి దేశం, పరాయి జనం, ఇంజను బండి. అయినా ఆ కేక వినగానే నా కాళ్ళు వాటంతట అవే ఉరికాయి. “తప్పుకోండ్రి, దొరొస్తుండు” అని తెలుగులో అరుస్తూ ఉరికాను. నా వెనక ఆ దయ్యం గుర్రుమంటూ వస్తోంది. ఎదురుగా చేపలు ఎండబెట్టిన ఇసుక, దాని వెనక సముద్రం. అప్పుడు వాడు అరిచాడు.

“ఆపురా! ఆపు! ఆపుమంటుంటే!”

ఎవరిని ఆపమంటున్నాడు? నన్ను! పుట్టినప్పటి నుంచి బండి ఆగాలంటే వాడు చేసింది ఎవడో ఒకడి మీద అరవడమే. వేళ్ళ కిందే బ్రేకుంది, దాన్ని నొక్కాలని తోచలేదు. నేను ఆగాను. ఫట్‌ఫటీ ఆగలేదు. పక్కకు దూకాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. అది నా చొక్కా రాసుకుంటూ పోయి, చేపల మీదుగా పోయి, వాడితో సహా నీళ్ళలో పడింది. నడుము లోతు నీళ్ళలో నిలబడి, మీసానికి ఎండు చేప వేలాడుతుంటే, “ఎందుకాపలే?” అని నన్నే తిట్టాడు. థూ!

ఆ చేపలు ఎండబెట్టుకున్న ముసలామె నన్ను పట్టుకుంది. ఆమె భాష కొంత తెలిసింది. బండికి ఇంజనుంది కదా, నువ్వెందుకు ఉరికావని అడిగింది. ఆ రోజే కొలువు వదిలేశాను.

వాడి వంటమనిషి మొన్న బజారులో కనబడి, నీ ఉత్తరం చేతికిచ్చి చెప్పాడు. ఫట్‌ఫటీని బాగు చేయించి సికింద్రాబాదుకు రైల్లో పంపారట. అంగీ టోపీ అన్నీ ఖద్దరువి కుట్టించుకున్నాడట, ఇక నుంచి దేశసేవట! బండి ఆపడం మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదట.

బాపు దొర ఎడ్లబండి ముందు ఉరుకుతూ నర్సాపూర్ అడవి దారిలో పడిపోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. పెద్ద దొర “తోలు, తోలు” అనే అరిచాడు. ఎడ్లే బాపును చూసి ఆగాయి. వాటి దయవల్ల బాపు ఆ రోజు బతికాడు. ఈ ఫట్‌ఫటీకి ఆ ఎడ్ల కళ్ళు లేవు. నీకేమో ఆ మోకాలితో పక్కకు దూకడం రాదు.

పోకన్నా. భయమేస్తుందని తెలుసు, నాకూ వేసింది. గడి మనుషులు వచ్చి బెదిరిస్తే వదినను, పిల్లలను, పెద్దమ్మను తీసుకుని బొంబాయి రైలెక్కు. నా గదిలో ఇరుక్కుని పడుకుందాం. నీలా వడ్రంగి పని తెలిసినవాడికి ఇక్కడ పనికి కొదువ లేదు.

వదినకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. పెద్దమ్మ కాళ్ళు మొక్కానని చెప్పు, నా కోసం ప్రార్థన చేయమను. గుడి అయ్యగారిని అడిగానని చెప్పు. ఎవరైనా ఇటు వస్తే కాస్త ఎండుమిరపకాయల కారం పంపు, ఇక్కడి కారం రంగుకే ఉంది.

వాడు ఏరికోరి కొన్న చప్పుడు కదా, రాకముందే నీకు వినబడుతుంది. అప్పుడు నువ్వు అరుగు మీద కూర్చుని ఉలి పట్టుకుని నీ పని చేసుకో. వాడు నీ ఇంటి ముందు నుంచి “ఆపురా, ఆపు” అని మొత్తుకుంటూ పోతాడు. నువ్వు లేవకు.

నీ ఆశీర్వాదం కోరే తమ్ముడు
సామేలు