తాబేలు పుస్తకం ఇంకా ఆరలేదు

పిచ్చుకా,

పాలు కాచి మూత పెట్టాను, తాగి గిన్నెలో నీళ్లు పొయ్యి. నాయనమ్మ పడుకుని ఉంటే లేపకు. బల్ల మీద నీ తాబేలు బొమ్మల పుస్తకం ఉంది. దాని పైన పెట్టిన నా లావుపాటి నిఘంటువు మాత్రం తీయకు, జిగురు ఇంకా ఆరలేదు.

అమ్మ ఉన్నప్పుడు అందులో మాటల మీద అంటించిన తెల్లకాగితాలను నేను చిరుగులకు వేసిన అతుకులనుకున్నాను. కింది అచ్చు కనబడాలని ఆదివారం ఒక్కొక్కటే తడిపి ఊడదీశాను. నిన్న సాయంత్రం నువ్వు "తాబేలు అమ్మను తీసుకురావడానికి వెళ్తోంది" అంటే, "అలా లేదమ్మా, ఇదిగో చూడు" అని అచ్చులో ఉన్నది చదివాను. చివరిదాకా విని, "ఇది మా పుస్తకం కాదు నాన్నా" అన్నావు. కథ నువ్వే చెప్పాలని అమ్మ ఆ మాటలు మూసిందని అప్పుడు గాని తెలియలేదు. ఇంత చదివి ఏం లాభం? సిగ్గుతో నీ మొహం చూడలేకపోయాను. అయినా పొద్దున నా కళ్లజోడు తుడిచి పెట్టావు.

కాగితాలు మళ్లీ అంటించాను. అమ్మంత నున్నగా కుదరలేదు. ఇవాళ కథ నువ్వే చెప్పు, నేను వింటాను.

నాన్న

చివరి పేజీలో తాబేలు తోక ఊడి నా వేలికి అంటుకుని వచ్చింది. తోక లేకపోయినా వెళ్లగలదు కదూ?