ఇల్లు లేదన్న రుజువు

నరసరావుపేట, నవంబరు 6

గౌరవనీయులైన మాబున్నీసా గారికి,

నిరాశ్రయుల వసతి గృహం మేనేజరు షారోన్ నమస్కారాలు. మీరు మూతబడ్డ చెప్పుల షాపు అరుగు మీద పడుకుంటున్నారని మా సర్వేలో తెలిసింది. ఇక్కడ మీకు మంచం, ఫ్యాను, రెండు పూటలా భోజనం సిద్ధంగా ఉన్నాయి. తుఫాను వస్తుందంటున్నారు. వెంటనే వచ్చేయండి.

ఇట్లు,
షారోన్

తా.క.: నోటిమాట నమ్మనన్నారట, అందుకే కాగితం మీద రాశాను. నేనూ క్రోసూరు నుంచి బదిలీ మీద వచ్చి, అద్దె ఇల్లు దొరక్క, ఆఫీసు టేబుల్ మీదే పడుకుంటున్నాను. స్టాఫు మంచాల మీద పడుకోకూడదు గానీ, అవి టేబుల్ కన్నా మెత్తన.

———

చెప్పుల షాపు అరుగు, నవంబరు 9

షారోనమ్మకు, బొంతలు కుట్టే మాబున్నీసా సలాములు.

నేను రాను తల్లీ. ఇంటికి అర్జీ పెట్టి పదకొండు నెలలైంది. ఎంక్వయిరీ సారు వచ్చి, నాకు ఇల్లు లేదని కళ్లారా చూసి రాసుకోవాలంట. ఆయనొచ్చేసరికి నేను ఫ్యాను కింద గుర్రు పెడుతుంటే పేరు కొట్టేయడా? ఎండకీ వానకీ ఓర్చి కాపాడుకున్న అర్హత అమ్మా ఇది!

ఇట్లు,
మాబున్నీసా

తా.క.: టేబుల్ మీదికి బొంత పంపుతున్నా. నీకు ఇల్లెందుకు దొరకలేదు? ఏందమ్మా ఈ ఊరు!

———

నరసరావుపేట, నవంబరు 14

పెద్దమ్మకు,

బొంత చానా బాగుంది. ఇక్కడ పడుకున్నంత మాత్రాన మీ పేరు పోదు. మీరు నమ్మరు కాబట్టి మంచం, టార్పాలిన్, నీళ్ల డ్రమ్ము అక్కడికే పంపుతున్నాను. వానలో తడవకండి.

ఇట్లు,
షారోన్

తా.క.: నిన్న ఒక ఇంటి ఓనరు మూడు ప్రశ్నలడిగాడు. పెళ్లయిందా, మాంసం తింటావా, నీ కోసం ఎవరొస్తారు? మూడింటికీ నిజమే చెప్పాను. గేటు వేసేశాడు.

———

అరుగు, నవంబరు 17

ఎంత పని చేశావే తల్లీ!

నీ సామాను దిగిన రోజే ఎంక్వయిరీ సారు దిగాడు. పదకొండు నెలలు కంట్లో వత్తులేసుకుని చూశాను, అప్పుడు రాలేదు. టార్పాలిన్ కింద మంచం మీద కూర్చుని టీ తాగుతుంటే వచ్చి, "బాగా సెటిలయ్యావే మామ్మా!" అన్నాడు. నేను మంచం తిరగేసి, "ఇది నాది కాదయ్యా, షారోన్‌ది" అన్నా. "ఆమె కూడా ఇక్కడే ఉంటదా?" అని అదీ రాసుకున్నాడు. నా ఇల్లు పోయింది. నాకు ఏడుపొస్తోంది. ఇంక మునిగినోడికి చలేంది, రేపు నీ దగ్గరికే వస్తున్నా.

ఇట్లు,
మాబున్నీసా

తా.క.: నువ్వెక్కడ పడుకుంటావని అడిగాడు. నాకు అబద్ధం రాదు. టేబుల్ మీదని చెప్పా.

———

డోర్ నంబరు 41, కొత్త కాలనీ, నరసరావుపేట
ఫిబ్రవరి 2

నా బంగారు షారోనమ్మకు,

వసతి గృహం రిజిస్టరులో పేరుండటమే అన్నిటికన్నా పెద్ద రుజువని నాకేం తెలుసు? అక్కడికొచ్చిన మూడో నెలకే ఇల్లొచ్చె! అరుగు మీద పదకొండు నెలలు వట్టిగా తడిశాను. ఆర్డరులో "కుటుంబ సభ్యులు: షారోన్ (టేబుల్)" అని ఉంటే నువ్వే రాసి కొట్టేయించావు. ఆఫీసు వరకు మంచి పనే చేశావు. ఈ ఇంట్లో మాత్రం నీ పేరు కొట్టేయటం కుదరదు.

అద్దె మాట ఎత్తావంటే ఊరుకోను. ఇప్పుడు ఓనర్ని నేను, కాబట్టి ఆ మూడు ప్రశ్నలూ నేనే అడగాలి. పెళ్లి నీ ఇష్టం. మాంసం ఆదివారం నువ్వే తేవాలి. ఎవరొచ్చినా బొంతలున్నాయి. సాయంత్రానికి వచ్చేయ్.

ఇట్లు,
ఇంటి ఓనరు
మాబున్నీసా

తా.క.: వీధి చివర ఆఫీసులో ఉన్న నీకు ఉత్తరమెందుకంటావా? పైన ఆ డోర్ నంబరు ఒకసారి రాసుకుందామని.