'లేదు' అని రాసే చోట

కార్ఖానా, సికింద్రాబాద్,
4-8-1999.

ప్రియమైన తమ్ముడు అబ్రహాంకు,

అక్క ప్రభువు నామమున శుభాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ వదిన ఎమిలీ, ప్రేమమణి తింటున్నాం, తిరుగుతున్నాం. ఆ సముద్రం మధ్య దీవిలో నువ్వూ, కాంతమణీ సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం పోయిన నెల పన్నెండున అందింది. జవాబు ఇంత ఆలస్యమైందేమిటని ఈపాటికి అలిగే ఉంటావు. అలకలో చిన్నప్పటి నుంచీ నీ తర్వాతే ఎవరైనా. ఎందుకు ఆలస్యమైందో ఇందులోనే రాస్తాను. చివరిదాకా చదువు, మధ్యలో లేచిపోకు.

ముందు నువ్వడిగినవి. ఎమిలీకి బేగంపేటలో మన జకర్యా పనిచేసిన ఆఫీసులోనే ఉద్యోగం ఖాయమైంది. రోజూ బస్సులో నిలబడి వెళ్లి నిలబడి వస్తుంది, ఒక్కమాట అనదు. ప్రేమమణి ఇంటర్ రెండో ఏడు. నవ్వితే అచ్చం వాళ్ల నాన్న జకర్యానే, అది నవ్వినప్పుడల్లా నేను పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోతాను. గుడి పైకప్పు ఈ వానలకు మళ్లీ కారుతోంది, క్వయిర్ పిల్లలు ఒక పక్కకు జరిగి పాడుతున్నారు. ఇక మటన్ పచ్చడి. నీకోసం జాడీ నిండా పెట్టి, మద్రాసు ఓడ ఎక్కేవాళ్లెవరైనా దొరుకుతారా అని చూస్తుండగా నీ రక్తపరీక్ష అంకెలు వచ్చాయి. జాడీ తీసుకెళ్లి పక్క వాటాలో టైలరింగ్ చేసే ఖుర్షీదాకి ఇచ్చేశాను. నీకింక పప్పూ ఆకుకూరే. కాంతమణితో చెప్పు, వేపుళ్లు కట్.

ట్రైగ్లిజరైడ్లు మూడొందల నలభై అని రాశావు. ఉపాధ్యాయులందరికీ పరీక్షలు చేశారనీ, అక్కడి డాక్టరు ఒక కాగితం ఇచ్చి, మీ ఇంట్లో రక్తసంబంధీకులకెవరికైనా పేగుల్లో జబ్బు ఉండేదా అని అడిగాడనీ రాశావు. "రక్తంలో కొవ్వుకీ పేగుకీ ఏం సంబంధం అక్కా, ఈయన ఏదేదో అడుగుతున్నాడు. మనింట్లో అలాంటివేం లేవు కదా. ఆగస్టు నెలాఖరులో ఇవ్వాలి, లేదు అని రాసేస్తా" అన్నావు. ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివాను.

నీ ఉత్తరం పట్టుకుని ఇక్కడ ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆ రకం కొవ్వు రక్తంలో ఎక్కువున్నవాళ్లలో, పెద్దపేగు లోపలి గోడకు చిన్న చిన్న బుడిపెలు కొంచెం ఎక్కువగా కనిపిస్తున్నాయట. కొవ్వే కారణమని తేల్చి చెప్పలేమంది. అందరికీ రావు, వచ్చినవన్నీ చెడ్డవీ కావు. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి నొప్పీ సడీ లేకుండా పెరిగి క్యాన్సరు అవుతాయట. "కొవ్వు ఒక్కటే అయితే తిండి మార్చుకోమని చెప్పి ఊరుకుంటామమ్మా. ఇంట్లో ఎవరికైనా ఉండి ఉంటే మాత్రం కెమెరా వేసి చూడాల్సిందే. అందుకే ఆ ప్రశ్న అడిగేది" అంది. అంటే కాగితం మీద నువ్వు రాసే ఒక్క మాట మీదే అంతా ఉందన్నమాట.

అబ్రహాం, ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు.

నాన్న పోయింది గుండె ఆగి కాదు. నువ్వప్పుడు ఏడేళ్లవాడివి, జకర్యాకి పదమూడు. మీ ఇద్దరికీ అలా చెప్పింది నేనే. నాన్నకి విరేచనంలో రక్తం పడేది. వాక్యం బోధించే ఉపదేశి కదా, గుడిలో అందరూ ఆయన కోసం మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. రక్తం ఆగింది. ఆ ఆదివారం నాన్న లేచి, ప్రభువు నన్ను ముట్టి బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు. ఆడవాళ్లంతా ఏడ్చారు. ఆ సాక్ష్యం విని రెండు కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. ఇప్పటికీ మన గుడి పెద్దలు చెప్పుకుంటారు.

రెండు నెలలకు రక్తం మళ్లీ మొదలైంది. ఆసుపత్రికి పోదాం నాన్నా అంటే, "ఇప్పుడు నేను ఆసుపత్రి మెట్లెక్కితే ఆ రెండు కుటుంబాలు ఏమనుకుంటాయే" అన్నాడు. కుళాయి దగ్గరికి ఎవరూ రాకముందే ఆయన పంచెలు నేను ఉతికి ఆరేసేదాన్ని. చివరికి మోసుకెళ్లాం. పెద్దపేగులో క్యాన్సరు, చెయ్యి దాటిపోయిందన్నారు. పోయే ముందు నా చెయ్యి బైబిలు మీద పెట్టించి, "నా సాక్ష్యం చెడగొట్టకు దేవకృపా, తమ్ముళ్లకి కూడా చెప్పకు" అని మాట తీసుకున్నాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. అమ్మ లేని ఇంట్లో ఆయన మాటే నాకు దేవుని వాక్యం. ఇచ్చేశాను.

ఇక్కడితో ఐపోతే ఎంత బాగుండేది.

ఆరేళ్ల కిందట జకర్యా ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ నా దగ్గరికి వచ్చాడు. నేను బియ్యం ఏరుతున్నాను. వాడికీ ఆఫీసు పరీక్షల్లో నీలాగే కొవ్వు ఎక్కువ వచ్చింది, నాలుగొందల పైమాటే. "అక్కా, డాక్టరు అడుగుతున్నాడు. నాన్నకేమైనా పేగుల జబ్బు ఉండేదా?" అన్నాడు. నేను తల ఎత్తలేదు. "లేదురా, లేదు అని రాసెయ్" అన్నాను. నా పెన్నే తీసుకుని రాశాడు. నేనిచ్చిన టీ తాగి, ప్రేమమణికి జామకాయలు పట్టుకుని వెళ్లిపోయాడు. డాక్టరు మాత్రలిచ్చి నూనె తగ్గించమన్నాడు. నాలుగేళ్లు నూనె తగ్గించాడు పాపం, పండగరోజు కూడా బిర్యానీ చెంచాతో కొలుచుకున్నాడు.

జకర్యా కామెర్లతో పోయాడని నీకు చెప్పాం. కళ్లు పచ్చబడింది నిజమే. పేగులో మొదలైంది కాలేయానికి పాకి పచ్చబడ్డాయి. ఎమిలీకి తెలుసు, నీకు చెప్పొద్దని ఆమెను ఆపింది నేను. నువ్వు ఓడ దిగి, రైలు దిగి వచ్చేసరికి సమాధి మీద పూలు వాడిపోయాయి. నన్ను పట్టుకుని, "కామెర్లకి మనిషి పోతాడా అక్కా" అని ఏడ్చావు. అప్పుడన్నా చెప్పాల్సింది. నాన్న గురించి చెప్తే, వాడికి నేను చెప్పిన ఆ 'లేదు' కూడా చెప్పాలి కదా. నీ మొహం చూసి ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. దీనికి నాన్నకి వేసిన ఒట్టును అడ్డం పెట్టుకోను. నాన్నది విశ్వాసం, నాది పిరికితనం.

డాక్టరమ్మ నన్ను కూడా కెమెరా పరీక్ష చేయించుకోమంది. నేను వద్దనుకున్నాను, నాకేమైనా అయితే అయిందిలే అని. ఖుర్షీదా ఊరుకోలేదు. "ఏందక్కా గిట్ల మాట్లాడ్తవ్? నీకేమన్నా అయితే మస్తు పరేషాన్ అయ్యేది మేమే గద. లే, చెప్పు తొడుక్కో. నేను సుత వస్తా" అని ఆటో పిలిచింది. ముందురోజు పేగులు కడిగే మందు తాగించారు, ఆ అవస్థ రాయను. ఉపవాసాలకు అలవాటుపడ్డ కడుపు కాబట్టి ఆకలి మాత్రం తెలియలేదు.

మూడు బుడిపెలు దొరికాయి. రెండు పెసరగింజలంత, ఒకటి రేగుపండంత. వైరు ఉచ్చు వేసి అప్పుడే తీసేశారు. రేగుపండంతది ఇంకొన్నేళ్లు వదిలేసి ఉంటే క్యాన్సరయ్యేదేనని పోయిన సోమవారం రిపోర్టు వచ్చింది. ఇప్పటికి భయం లేదు, మళ్లీ మూడేళ్లకు చూస్తామన్నారు.

ఎంతసేపు పట్టిందో తెలుసా అబ్రహాం? అరగంట. అరగంటలో తీసేశారు. బయటికొచ్చి ఖుర్షీదా ఇచ్చిన కాఫీ తాగి ఆటోలో ఇంటికొచ్చేశాను. దారిలో కళ్ల నీళ్లు ఆగలేదు. "నొప్పా అక్కా?" అంది. కాదన్నాను. ఆరేళ్ల కిందట నేను నిజం చెప్పి ఉంటే జకర్యాకి కూడా ఇంతే కదా, ఒక అరగంట. వాడు సాయంత్రం ఇంటికొచ్చి ప్రేమమణికి జామకాయలు కోసిపెట్టేవాడు.

ఇవాళ పొద్దున ఎమిలీతో జకర్యా అడిగిన సంగతీ, నా జవాబూ చెప్పాను. లేచి లోపలికి వెళ్లింది. తర్వాత, "అబ్రహాంకి మీరే రాయండి వదినా, ఇవాళే రాయండి" అని ఈ కాగితాలు ముందు పెట్టి వెళ్లింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. నిన్ను కూడా క్షమించమని అడగను. తిట్టాలనిపిస్తే తిట్టు, రెండేళ్లు ఉత్తరం రాయకు. ముందు పరీక్ష మాత్రం చేయించుకో. అక్కడ ఆ కెమెరా లేకపోతే సెలవు పెట్టి వచ్చెయ్, ఖుర్షీదా ఆటో పిలుస్తుంది. ప్రేమమణికి కూడా వయసు రాగానే చూపించాలన్నారు. అది నా బాధ్యత.

నాన్నకిచ్చిన మాట ఈ ఉత్తరంతో తప్పుతున్నాను. పైన కలిసినప్పుడు ఆయనకు నేనే జవాబు చెప్పుకుంటాను. జకర్యాకి ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

నువ్వు ఇవ్వాల్సిన ఆ కాగితం తీసి ముందు పెట్టుకో. 'లేదు' అని రాసి ఉంటే కొట్టెయ్. చోటు చాలకపోతే పక్కన రాయి, నాన్న, జకర్యా అన్న, దేవకృప అక్క అని. మూడు పేర్లు రాసి అక్కడికి ఆపు. నాలుగో పేరు నా చేత రాయించకు తమ్ముడూ.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులతో నిజం ఆలస్యంగా రాసిన
నీ అక్క,
దేవకృప.